అత్తగారి కాశీయాత్ర, కోడలితో వేయించుకున్న ఒట్టు

గుంటూరు నుంచి ఒకావిడ రాశారు. పేరు, బ్యాంకు పేరు రెండూ వేయొద్దన్నారు. ఉత్తరం పొడుగ్గా ఉంది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెప్తున్నాను.

ఆవిడకు 47 ఏళ్లు, బ్యాంకు ఉద్యోగం. భర్తకు మందుల షాపు. పాప ఇంటర్ రెండో సంవత్సరం. అత్తగారికి 76. బీపీ, షుగర్ ఉన్నాయి, మందులతో అదుపులోనే ఉన్నాయి. కుడి మోకాలికి ఆపరేషన్ అయింది, ఎడమది ఇంకా నొప్పే. మామగారు పోయి నాలుగేళ్లయింది. కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలన్నది అత్తగారి కోరిక. ఈ కార్తీకంలో వెళ్లాలని ఇంట్లో నిర్ణయమైపోయింది. బెంగళూరులో ఉన్న మరిది ఖర్చంతా తనదే అన్నాడు. ఖమ్మంలో ఉన్న ఆడపడుచు "అమ్మ జీవితంలో నోరు తెరిచి అడిగిన ఒక్క కోరిక" అని ఫోన్లో ఏడ్చింది. భర్త "షాపు మూసి పదిరోజులు ఎలా రాను" అన్నాడు. మరి ఎవరు తీసుకెళ్లాలి అనే ప్రశ్న ఎవరూ వేయలేదు. వదిన ఉంది కదా. పాప పరీక్షల ముందు ఇంట్లో ఉండాలని ఈవిడ దాచుకున్న పన్నెండు రోజుల సెలవు ఆ విధంగా కాశీకి రాసిచ్చేశారు.

ఈవిడకు పూజల మీద పెద్ద పట్టింపు లేదు. జనం తోసుకునే చోట ఊపిరాడదు. నెలసరి ఈ మధ్య తేదీ లేకుండా వస్తోంది, అత్తగారిది మడి. ఆ పదిరోజుల్లో వస్తే ఏం చేయాలన్నది ఇంకో టెన్షన్.

ఇంతవరకైతే ఇది చాలా ఇళ్లలో ఉన్న కథే. అసలు విషయం ఉత్తరం చివర్లో ఉంది. ఒకరోజు రాత్రి మోకాలికి నూనె రాస్తుంటే అత్తగారు, "అమ్మాయ్, నేను తిరిగి రాను. అక్కడే ఉండిపోతాను. నన్ను ఆశ్రమంలో దింపి నువ్వు వచ్చెయ్. అబ్బాయిలకు ఇప్పుడే చెప్పకు" అని, ఈవిడ చెయ్యి తన తల మీద పెట్టించుకుని ఒట్టు వేయించుకున్నారట. ఎవరో తెలిసినావిడ ఇచ్చిన ఒక ఆశ్రమం అడ్రసు, మూడు లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ కాగితం బీరువాలో చీర మడతలో పెట్టుకున్నారు. "ఒట్టు తప్పితే ఆమెకేమైనా అవుతుందేమోనని భయం, తప్పకపోతే నా కాపురం ఏమవుతుందోనని భయం. అసలు నాకు వెళ్లాలనే లేదు. నేను పాపిష్టిదాన్నా?" అని ముగించారు.

ఆ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. కాదు. కాశీకి వెళ్లాలని అనిపించకపోవడం పాపమని ఏ శాస్త్రంలోనూ నేను చదవలేదు. మీ ఇంట్లో ఆ మాట చెల్లుబాటు అవుతోందంటే, మీరు వెళ్లనంటే ఇంకెవరో వెళ్లాల్సి వస్తుంది కాబట్టి. మరిది డబ్బు ఇస్తున్నాడు, ఆడపడుచు కన్నీళ్లు ఇస్తోంది, మీ ఆయన అనుమతి ఇస్తున్నాడు, సెలవూ ఒళ్లూ మాత్రం మీవి. పుణ్యంలో అందరికీ వాటా ఉన్నట్టే లెక్కేసుకుంటున్నారు మరి.

మీరు రాసినదాంట్లో రెండు వేర్వేరు చిక్కులు ఒకదానికొకటి చుట్టుకుని ఉన్నాయి. అత్తగారిని ఎవరు తీసుకెళ్లాలన్నది ఒకటి. అత్తగారు తిరిగి రానంటున్నారన్నది ఇంకోటి. మొదటిదానికి సర్దుబాట్లు చాలా ఉన్నాయి, తర్వాత చెప్తాను. రెండోది తేలకుండా మొదటిదాని గురించి మాట్లాడుకోవడం దండగ, ఎందుకంటే మీరు టికెట్లు తీయబోయేది యాత్రకో, ఒక మనిషిని ఇల్లు మార్చడానికో మీకే తెలియదు.

ఒక్కసారి ఆ ఒట్టు ప్రకారమే చేశారనుకోండి. తొమ్మిది రాత్రులయ్యాయి, అత్తగారు ఆశ్రమంలో ఉండిపోయారు, మీరొక్కరే గుంటూరు స్టేషన్లో దిగారు. మీ ఆయన మొహంలోకి చూసి ఏం చెప్తారు? "మీ అమ్మే ఉంటానన్నారు" అంటే నమ్ముతారా? నమ్మినా ఆడపడుచు నమ్ముతుందా? బంధువుల నోట్లో మీ పేరు ఆ రోజునుంచి "అత్తను కాశీలో వదిలేసి వచ్చిన కోడలు". రేపు ఆవిడకు అక్కడ జ్వరమొచ్చినా, కాలు జారినా, ఆ లెక్కంతా మీ ఖాతాలోనే. ఈ సంగతి మీ అత్తగారికి తెలియదని నేననుకోను, కానీ ఆవిడ ఆలోచించి ఉండకపోవచ్చు. కొడుకులతో చెప్తే ఒప్పుకోరు, ఏడుస్తారు, అరుస్తారు. ఆ రభస తప్పించుకోవడానికి తేలికగా దొరికిన మనిషి మీరు. ఇది ఆవిడ మీద కోపంతో అనడం లేదు. ఒకరకంగా ఆ ఇంట్లో ఆవిడ నమ్మిన మనిషి మీరే అని కూడా దానర్థం, అందుకే మీకు ఇంత బరువుగా ఉంది.

అయితే ఆవిడ కోరికను పిచ్చి కిందో చాదస్తం కిందో కొట్టేయకండి. కాశీలో పోతే సాక్షాత్తు విశ్వనాథుడే చెవిలో తారకమంత్రం చెప్తాడనే నమ్మకం చాలా పాతది, ఆ నమ్మకంతో వెళ్లి ఉండిపోయిన తెలుగువాళ్లు తరతరాలుగా ఉన్నారు. కేదార్ ఘాట్, మానససరోవర్ ఘాట్ వెనక పాండే హవేలీ సందుల్లోకి వెళ్తే తెలుగు బోర్డులు, తెలుగు మాటలు, పొద్దున్నే ఇడ్లీ వాసన అన్నీ ఉంటాయి. ఆంధ్రాశ్రమం అక్కడే ఉంది. కులాలవారీ సత్రాలూ ఉన్నాయి. అస్సీ దగ్గర ముముక్షు భవన్‌లో వృద్ధులు ఏళ్ల తరబడి ఉంటారు. ఇవి కాక చివరి ఘడియల్లో ఉన్నవాళ్లను మాత్రమే తీసుకొచ్చే ముక్తి భవనం ఒకటి ఉంది, అక్కడ మామూలుగా రెండు వారాలకు మించి ఉండనివ్వరు, అది మీ అత్తగారికి సంబంధించింది కాదు. కాబట్టి "అక్కడ ఉండిపోతా" అనేది గాల్లో మాట కాదు, నిజంగా జరిగే పనే.

కానీ మీ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది, మీరు దాన్ని దాటుకుంటూ వెళ్లిపోయారు. "క్రితం ఏడాది ఊళ్లో ఇల్లు అమ్మేశాం, అప్పట్నుంచి మనిషి ముభావంగా ఉంటున్నారు" అని. నేను రెండుసార్లు చదివింది ఈ వాక్యాన్నే. కాపురానికి వచ్చిన ఇల్లు, మామగారు పోయిన ఇల్లు. అమ్మేటప్పుడు ఆవిణ్ణి అడిగారా, సంతకం మాత్రం పెట్టించుకున్నారా? ఆ మూడు లక్షలు ఆ ఇంటి డబ్బులోదేనా? నాకు తెలియదు, మీకు తెలుసు. ఇల్లు పోయిన మనిషి కాశీ అడగడంలో భక్తి ఉండొచ్చు, "మీ ఇంట్లో నాకు చోటు ఏది" అనే మాటా ఉండొచ్చు. రెండూ కలిసే ఉండొచ్చు కూడా, మనుషులు అలాగే ఉంటారు.

తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. "ఎందుకు అత్తయ్యా ఉండిపోవడం" అని అడగకండి, ఎందుకని అడిగితే పురాణం చెప్తారు. "అక్కడుంటే రోజూ ఏం చేస్తారు, పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ చెప్పండి" అని అడగండి. గంగస్నానం, అన్నపూర్ణ దర్శనం, మధ్యాహ్నం పురాణం, పక్క గదిలో ఆవిడతో కబుర్లు అని కళ్లు మెరుస్తూ చెప్పారనుకోండి, అది కాశీ కోరికే. "ఎవరికీ అడ్డం లేకుండా ఒక మూల పడి ఉంటాను, మీకూ సుఖం నాకూ సుఖం" అన్నారనుకోండి, ఆవిడ కాశీ గురించి కాదు మాట్లాడుతున్నది, గుంటూరు గురించి. అప్పుడు ఎన్ని రాత్రులు కాశీలో నిద్ర చేయించినా ఆ బాధ తీరదు, మాట్లాడాల్సింది మీ ఆయన.

ఇక ఒట్టు సంగతి. తల మీద చెయ్యి పెట్టి ఒట్టేస్తే, తప్పినప్పుడు ఎదుటివాళ్లకు ఏదో అవుతుందని మనందరికీ చిన్నప్పటినుంచీ భయం. దాన్ని మాటలతో పోగొట్టలేను. కానీ ఒక తేడా చూడండి. ఆవిడకు తెలియకుండా మీ ఆయనకు చెప్పేయడం ఒక పని. ఆవిడ దగ్గరికే వెళ్లి "అత్తయ్యా, ఈ ఒట్టు నేను మోయలేను, మీకే తిరిగి ఇచ్చేస్తున్నా" అనడం వేరే పని. రెండోదాంట్లో మోసం లేదు. నేనైతే ఇలా అంటాను: "మీరు ఉండిపోతానంటే నేను అడ్డుపడను. కానీ ఆ మాట మీ నోటితో మీ కొడుకులకు చెప్పాలి. మీరు చెప్పేటప్పుడు పక్కన నేనుంటాను. చెప్పకపోతే నేను మిమ్మల్ని తీసుకెళ్లలేను." చెప్పడానికి ఆవిడకు కొంత వ్యవధి ఇవ్వండి, ఒక వారమో పది రోజులో. ఆవిడ అలుగుతారు. అన్నం మానేయొచ్చు కూడా. ఈ ఒక్క అలక భరించడం తర్వాత జీవితమంతా ముద్దాయిలా బతకడం కన్నా తేలిక.

ఇంకో దారి, మీరు నేరుగా మీ ఆయనకు చెప్పేయడం. పని త్వరగా అవుతుంది, కానీ ఆయన ఆ కోపంలో వెళ్లి అమ్మను నిలదీస్తే ఆవిడకు ఇంట్లో మిగిలిన ఒక్క నమ్మకస్తురాలూ పోతుంది. ఆవిడ ఆరోగ్యం గురించి మీకు గట్టి అనుమానం ఉంటే, అంటే మందులు మానేస్తున్నారనో, బతుకు మీద విరక్తి మాటలు రోజూ మాట్లాడుతున్నారనో అనిపిస్తే మాత్రం వ్యవధులూ ఒట్లూ పక్కన పెట్టి ఇవాళే చెప్పండి, డాక్టరుకూ చూపించండి. అది కాశీ సమస్యే కాదు.

మూడోది, ఏమీ చెప్పకుండా వెళ్లి, అక్కడికెళ్లాక ఆవిడ మనసు మారుతుందేమో చూడటం. చాలామంది చేసేది ఇదే. మారనూవచ్చు. సందుల్లో ఆవుల్నీ, బైకుల్నీ, మెట్లనూ చూశాక, నాలుగు రోజులు మంచం మారాక, "ఇంటికి పోదాం పదవే" అనే పెద్దవాళ్లు తక్కువేం కాదు. కానీ మారకపోతే? తిరుగు రైలు రోజున ఒక 76 ఏళ్ల మనిషి సత్రం అరుగు మీద కూర్చుని కదలనంటే మీరు ఒంటరిగా ఏం చేస్తారు? అందుకే ఈ దారి నాకు ఇష్టం లేదు. ఎంచుకోవద్దని మాత్రం చెప్పను, ఆవిడ మీకు తెలిసినంతగా నాకు తెలియదు కదా.

ఒకవేళ నిజంగా కాశీవాసమే ఆవిడ కోరిక అని తేలి, కొడుకులూ కూర్చుని విన్నారనుకుందాం. అప్పుడు కూడా "శాశ్వతంగా" అనే మాట ఇప్పుడే వాడాల్సిన అవసరం లేదు. ఒక మండలం రోజులు ఉండి చూడమనండి. నలభై రోజులంటే ఆవిడకూ దీక్ష చేసినట్టుంటుంది, మీకూ ఒక గడువుంటుంది. ముందు ఆ అడ్రసుకు కొడుకుల్లో ఒకరు ఫోన్ చేయాలి, మీరు కాదు. అడగాల్సినవి అడగాలి: తన పనులు తాను చేసుకోలేని స్థితి వస్తే ఉంచుకుంటారా, గది ఎన్నో అంతస్తులో, మరుగుదొడ్డి ఇండియన్‌దా వెస్టర్న్‌దా (ఆపరేషన్ అయిన మోకాలికి ఇది చిన్న ప్రశ్న కాదు), రాత్రి ఏదైనా అయితే ఎవరు పలుకుతారు, ఇంటి తరఫు ఎవరి పేరు రాయించుకుంటారు. పెద్దాసుపత్రి అంటే బెనారస్ హిందూ యూనివర్సిటీలో ఉన్న సర్ సుందర్‌లాల్ ఆసుపత్రి. కేదార్ ఘాట్ నుంచి దూరం మరీ ఎక్కువ కాదు గానీ ఆ ట్రాఫిక్‌లో సమయం పడుతుంది. చలికాలం మన గుంటూరు చలి కాదు, డిసెంబరు, జనవరుల్లో పొగమంచు కమ్మి రైళ్లే గంటల తరబడి ఆలస్యమవుతాయి. ఎండాకాలం మాత్రం మనకు తెలిసిన ఎండే, ఏమీ తీసిపోదు. వానాకాలం గంగ పొంగితే ఘాట్లు మునిగిపోతాయి, ఒక ఘాటు నుంచి ఇంకో ఘాటుకు మెట్ల మీదుగా నడిచే దారే ఉండదు. మూడు కాలాలూ చూడకుండా ఎవరూ కాశీవాసం నిర్ణయించుకోకూడదని నా అభిప్రాయం.

సరే, రెండో చిక్కు ఎటో ఒకవైపు తేలిందనుకుని ఇప్పుడు యాత్ర సంగతికి వద్దాం.

తొమ్మిది రాత్రులు ఎందుకంటే, తల్లి గర్భంలో తొమ్మిది నెలలున్నందుకు అని చెప్తారు. మన తెలుగువాళ్లలో ఇది బాగా పట్టింపు. దీని నియమం ఏమిటంటే ఆ రాత్రులు కాశీలోనే పడుకోవాలి. వెళ్లేవాళ్లు చాలామంది ప్రయాగ పొద్దున్నే వెళ్లి రాత్రికి తిరిగొస్తారు, నూట పాతిక కిలోమీటర్ల లోపే. గయ దాదాపు రెండు వందల యాభై కాబట్టి తొమ్మిది రాత్రులకు ముందో వెనకో పెట్టుకుంటారు. ఇక్కడ గమనించాల్సింది, నిద్ర చేయాల్సింది అత్తగారు. తోడు వచ్చినవాళ్లు మారకూడదని ఏ నియమమూ లేదు.

అందుకని నా మొదటి సలహా, మనుషుల్ని మార్చండి. బెంగళూరు నుంచి వారణాసికి విమానం ఉంది, మరిది మొదటి నాలుగైదు రోజులు ఉండొచ్చు. తర్వాత మీరో మీ ఆయనో. "షాపు మూయలేను" అనేది పదిరోజుల మాట, నాలుగు రోజులకు ఆ మాట చెల్లదు. ఆడపడుచుకు తల్లి మీద అంత ప్రేమ ఉంటే ఆవిడకూ నాలుగు రోజులు వీలవుతుంది. పైగా మామగారికి గయలో పిండప్రదానం చేయాలని మీ అత్తగారికి మనసులో ఉండే ఉంటుంది, దానికి ఎలాగూ కొడుకుల్లో ఒకరు రావాలంటారు. ఆ కబురు అత్తగారి చేతే చెప్పించండి: "మీ నాన్నకు గయలో పెట్టాలి, ఎవరు వస్తారో చెప్పండి" అని. మీరు వంద చెప్పినా కదలని మనిషి దీనికి కదులుతాడు. దీనివల్ల నష్టం, ఖర్చు పెరుగుతుంది, అందరి తేదీలూ కుదరాలి, ఎవరో ఒకరు చివరి నిమిషంలో "ఆఫీసులో రిలీజు" అంటారు. అప్పుడు మళ్లీ వదినే. కాబట్టి టికెట్లు తీసేటప్పుడే అందరి టికెట్లూ ఒకేసారి తీయించండి.

రెండోది, మీరు అసలు వెళ్లకపోవడం. తెలుగు యాత్రికుల్ని బస్సుల్లో, రైళ్లలో తీసుకెళ్లే టూర్లు బోలెడు ఉన్నాయి, వంటవాళ్లను కూడా తీసుకెళ్తారు. ఆవిడ వయసు ఆడవాళ్లు పదిమంది ఉంటారు, మీకన్నా వాళ్లతోనే ఆవిడకు బాగుంటుందేమో కూడా. కానీ ఎక్కువ టూర్లు కాశీలో రెండు మూడు రాత్రులే ఉంటాయి, తొమ్మిది నిద్రల ట్రిప్పు వేరేగా వెతకాలి. మోకాళ్ల సంగతి, షుగర్ సంగతి వాళ్లు చూస్తామంటారు గానీ నలభై మందిలో ఎంత చూస్తారు. మీరు వెళ్లనంటే ఇంట్లో వారం పది రోజులు మొహాలు మాడ్చుకుంటారు. ఆ సెలవు పాప కోసం మీకు అంత ముఖ్యమైతే అది భరించదగ్గదే. పాపకు పరీక్షలప్పుడు అమ్మ ఇంట్లో ఉండటం కూడా ఒక కోరికే, ఆ పిల్ల నోరు తెరిచి అడగలేదంతే.

మూడోది, మీరే తీసుకెళ్లడం, పూర్తిగా. దీనికి మీరు ఒప్పుకుంటే తక్కువ ధరకు ఒప్పుకోకండి. రైల్లో ఒకటిన్నర రోజు దాకా పడుతుంది, పైగా చాలా రైళ్లు కాశీలోకి రాకుండా దీన్‌దయాళ్ ఉపాధ్యాయ్ జంక్షన్ మీదుగా పోతాయి, అదే పాత మొఘల్‌సరాయ్, అక్కడ సామాను దింపుకుని ఆటోలో ఊళ్లోకి రావాలి. మరిది ఖర్చు తనదే అన్నాడు కదా, హైదరాబాద్ నుంచి విమానం అడగండి, రెండు గంటలు. మీ సెలవులో రెండు రోజులు మిగుల్తాయి, ఆవిడ మోకాళ్లూ మిగుల్తాయి. ఎదురెదురుగా రెండు గదులు అడగండి, లేదా ఒక పెద్ద గది, రెండు మంచాలు, కింది అంతస్తు. మీరు రోజూ అత్తగారితో ప్రతి గుడికీ వెళ్లాలని లేదు. కాశీలో అందరూ అందరితో వెళ్లరు. ఆవిడను సత్రంలో ఉన్న నలుగురు తెలుగావిడలతో కలిపేసి మీరు సాయంత్రం పడవెక్కి కూర్చోండి. జనం పడని మీకు కాశీలో ఊపిరాడే చోటు నీళ్ల మీదే. దశాశ్వమేధ ఘాట్‌లో హారతి కూడా మెట్ల మీద తోపులాటలో కన్నా పడవలోంచే బాగా కనిపిస్తుంది.

కార్తీకం గురించి ఒక మాట, ఇది మీకు బాగా పనికొస్తుంది. మనకు కార్తీకం దీపావళి మర్నాడు మొదలై అమావాస్యతో అయిపోతుంది. వాళ్లకు నెల పౌర్ణమితో అయిపోతుంది. కార్తీక పౌర్ణమి నాడు అక్కడ దేవ దీపావళి, ఘాట్లన్నీ దీపాలు, కాలు పెట్టే సందుండదు, గదుల రేట్లు చెప్పనక్కర్లేదు. పౌర్ణమి దాటాక వాళ్లకు మార్గశిరం వచ్చేసినట్టే, ఆ రద్దీ తగ్గుతుంది, మీ అత్తగారి పంచాంగంలో మాత్రం ఇంకా పదిహేను రోజులు కార్తీకమే. ఆ రెండో పక్షంలో పెట్టుకోండి. చలి కూడా అప్పుడప్పుడే మొదలవుతుంది. తెలుగు సత్రాలు మాత్రం ఆ రోజుల్లోనూ నిండుగానే ఉంటాయి, గది ముందే మాట్లాడుకోవాలి.

విశ్వనాథుడి గుడి 2021 డిసెంబరులో కారిడార్ తెరిచాక చాలా మారింది. పాతకాలం సందుల్లో నలిగిపోవడం తగ్గింది, వీల్‌చైర్ అడగొచ్చు, డబ్బు కట్టి త్వరగా వెళ్లే సుగమ్ దర్శన్ ఉంది. గొదౌలియా కూడలి దాటాక బండ్లు ఆపేస్తారు కాబట్టి అక్కణ్ణుంచి నడకే. లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, లాకర్లో పెట్టాలి. ఇది అందరికీ తెలిసిందే గానీ దీని పర్యవసానం ఎవరూ ఆలోచించరు: గుంపులో మీరిద్దరూ విడిపోతే ఒకరినొకరు పిలుచుకునే మార్గం లేదు. సత్రం పేరు, ఘాట్ పేరు, మీ నంబరు హిందీలో రాయించి ఒక కాగితం ఆవిడ జాకెట్టుకు పిన్నీసుతో పెట్టండి. చిన్నతనంగా ఉంటుందంటారు, అయినా పెట్టండి.

స్నానం విషయంలో కేదార్ ఘాట్ మెట్లు నిటారుగా ఉంటాయి, ఎడమ మోకాలు ఒప్పుకోదు. దిగడం ఎలాగోలా దిగుతారు, ఎక్కేటప్పుడు తెలుస్తుంది. రోజూ దిగక్కర్లేదు. ఒకటి రెండు రోజులు పడవవాడితో మాట్లాడుకుని అవతలి ఇసుక ఒడ్డుకు వెళ్తే మెట్లు లేకుండా చెంబుతో పోసుకోవచ్చు. మిగతా రోజుల్లో ఒక బిందె గంగ గదికే తెప్పించుకోమనండి, మడికీ లోటు లేదు. వారాహి అమ్మవారి గుడికి కూడా వెళ్లాలంటారు, మన వాళ్లందరూ అంటారు. అది తెల్లవారుజామున కాసేపే తెరుస్తారు, అమ్మవారు నేలమాళిగలో ఉంటుంది, పైనుంచి రంధ్రంలోంచి వంగి చూడాలి. వంగగలరో లేదో ఇక్కడే ఆలోచించుకోండి.

నెలసరి. మీ వయసులో తేదీ తప్పడం మామూలే. వాయిదా వేసే మాత్రలు ఉన్నాయి గానీ మీ ఆయన షాపులోంచి తెచ్చేసుకుని వేసుకోకండి. రక్తం గడ్డకట్టే సమస్య, తీవ్రమైన తలనొప్పులు లాంటివి ఉంటే ప్రమాదం, గైనకాలజిస్టుకు చూపించి అడగండి. అసలు వేసుకోవాలా అన్నది కూడా మీ ఇష్టం. వస్తే నాలుగు రోజులు గుడికి వెళ్లరు, గదిలోనో ఘాట్‌లోనో ఉంటారు, అంతే కదా. సమస్య ఆవిడ మడి. అది ముందే మాట్లాడుకోండి: "అత్తయ్యా, అక్కడ నాకు వస్తే మీ మందులు ఇచ్చేది, మెట్లు దింపేది నేనే, మీకు అభ్యంతరమైతే ఇంకో మనిషి కూడా రావాలి." దీనికి ఆవిడ ఇచ్చే జవాబును బట్టి మనుషుల్ని మార్చే ఏర్పాటు తప్పనిసరో కాదో కూడా తేలిపోతుంది.

కాశీలో ఏదో ఒకటి వదలాలంటున్నారు, ఏం వదలమంటారు అని కూడా ఒక ముక్క రాశారు. మనవాళ్లు తెలివిగా కాకరకాయ వదిలి వస్తుంటారు, ఎలాగూ తినరు కాబట్టి. మీ ఇష్టం. వంకాయ మాత్రం వదలకండి, గుంటూరులో ఉండి కష్టం.

ఇదంతా ఎప్పటిలోగా అంటే, ఇప్పుడు రైల్వే రిజర్వేషన్ ప్రయాణానికి అరవై రోజుల ముందే తెరుచుకుంటుంది. విమానం టికెట్లు ముందే తీసుకోవచ్చు గానీ తీశాక మార్చుకుంటే డబ్బు పోతుంది. కార్తీకం రెండో పక్షం అనుకుంటే అత్తగారు కొడుకులతో మాట్లాడటం ఆ బుకింగు కన్నా ముందే అయిపోవాలి, టికెట్టు తీశాక "అంతా అయిపోయింది, ఇప్పుడేంటి" అంటారు. మరిది ఎటూ వీడియో కాల్ చేసే ఆదివారం ఒకటి ఉంటుందిగా, మీ ఆయన షాపు మధ్యాహ్నం కట్టేసి వచ్చాక, ఆ కాల్‌లో ఆడపడుచును కూడా కలపండి. చీర మడతలో ఉన్న ఆ అడ్రసు కాగితం అత్తగారే తీసుకొచ్చి బల్ల మీద పెట్టాలి. తర్వాత ఏమైందో వీలైతే రాయండి, పేరు ఎలాగూ వేయను.